జెడ్పీ లేని జిల్లా: హైదరాబాద్‌లో జనం లెక్క, పాలన లెక్క

తెలంగాణలో జిల్లాలు 33. 2019 ఎన్నికల నాటికి జిల్లా పరిషత్తులు 32. అప్పుడు జెడ్పీ లేని ఒకే ఒక్క జిల్లా హైదరాబాద్. గ్రామ పంచాయతీ ఒక్కటి కూడా లేదు కాబట్టి ఇక్కడ సర్పంచ్, ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఎవరూ ఉండరు. మండలాలు మాత్రం 16 ఉన్నాయి. చార్మినార్, బహదూర్‌పురా, గోల్కొండ, అంబర్‌పేట, షేక్‌పేట, మారేడ్‌పల్లి, తిరుమలగిరి వంటివన్నీ రెవెన్యూ మండలాలే. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ కావాలంటే తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తాం తప్ప, మండలానికంటూ ఎన్నికైన మనిషి ఎవరూ లేరు. హైదరాబాద్, సికింద్రాబాద్ అని రెండు రెవెన్యూ డివిజన్లు, వాటిపైన కలెక్టర్ ఉంటారు. జిల్లా అనే స్థాయిలో ప్రజలు ఎన్నుకున్న సభ ఏదీ లేదు.

ఆ లోటును మున్సిపల్ కార్పొరేషన్ తీరుస్తుందని అనుకుంటాం. కానీ గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ హద్దు, హైదరాబాద్ జిల్లా హద్దు ఒకటి కావు. జిల్లా విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు. 2007లో ఏర్పడినప్పుడు జీహెచ్‌ఎంసీ విస్తీర్ణం సుమారు 650 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లాలో 39.43 లక్షల మంది ఉంటే, జీహెచ్‌ఎంసీలో 67 లక్షలకు పైగా ఉన్నారు. అంటే అప్పటికే దాదాపు 30 లక్షల మంది హైదరాబాద్ కార్పొరేషన్‌కు పన్ను కడుతూ వేరే జిల్లాలో కాపురం ఉంటున్నారు.

కూకట్‌పల్లిలో ఉండేవాళ్ల సంగతి తీసుకుంటే విషయం ఇంకా తేలికగా అర్థమవుతుంది. వాళ్లు 2020లో కార్పొరేటర్‌ను ఎన్నుకున్నది జీహెచ్‌ఎంసీకి. కలెక్టర్ మేడ్చల్ మల్కాజిగిరి జిల్లావారు. ఎంపీ మల్కాజిగిరి స్థానం నుంచి వస్తారు. చాలా ఏళ్లుగా వాళ్ల పోలీసు కమిషనరేట్ సైబరాబాద్. నల్లా బిల్లు జలమండలికి, కరెంటు బిల్లు విద్యుత్ పంపిణీ సంస్థకు కడతారు. ఎవరైనా అడిగితే మాత్రం ‘మాది హైదరాబాద్’ అంటారు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఊరు ఒకటే అయినా, దాని మీద గీసిన గీతలు ఒకదానితో ఒకటి కలవవు. ఒకరి బాధ్యతను ఇంకొకరి మీదకు నెట్టడం ఇంత సులువు కావడానికి ప్రధాన కారణం ఇదే.

ఈ గీతలు ఒక్క రోజులో పడినవి కావు. 1869లో సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్నప్పుడు నగరానికి మున్సిపల్ వ్యవస్థ మొదలైంది. మూసీకి అవతల ఉన్న చాదర్‌ఘాట్ కొంతకాలం విడి మున్సిపాలిటీగా ఉండి, 1933లో హైదరాబాద్‌తో కలిసింది. 1950లో హైదరాబాద్, సికింద్రాబాద్ రెండూ కార్పొరేషన్లయ్యాయి. 1955 చట్టం వచ్చాక 1960లో సికింద్రాబాద్‌ను హైదరాబాద్‌లో కలిపారు. జిల్లా కథ వేరే దారిలో నడిచింది. 1978 ఆగస్టు 15న చుట్టుపక్కల గ్రామీణ ప్రాంతాన్ని విడదీసి రంగారెడ్డి జిల్లా చేశారు. మధ్యలో మిగిలిన నగర భాగమే నేటి హైదరాబాద్ జిల్లా. విచిత్రం ఏమిటంటే, చాలా దశాబ్దాల పాటు రంగారెడ్డి కలెక్టరేట్ కూడా హైదరాబాద్ నడిబొడ్డునే ఉంది. అది కొంగరకలాన్‌లోని కొత్త భవనానికి మారింది 2022లో.

2007 ఏప్రిల్‌లో ఎల్బీనగర్, ఉప్పల్, మల్కాజిగిరి, కాప్రా, అల్వాల్, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్ వంటి 12 మున్సిపాలిటీలు పాత కార్పొరేషన్‌లో కలిసి జీహెచ్‌ఎంసీ పుట్టింది. నగరపాలిక పెరిగింది కానీ జిల్లా గీత కదల్లేదు. 2016 అక్టోబర్‌లో రాష్ట్రంలోని 10 జిల్లాలను 31 చేసినప్పుడు రంగారెడ్డి, మెదక్ జిల్లాలు ముక్కలయ్యాయి. హైదరాబాద్‌ను మాత్రం ఎక్కడిదక్కడే ఉంచారు.

ఇక జనాభా విషయానికి వస్తే, 2001లో జిల్లా జనాభా 38.29 లక్షలు. పదేళ్ల తర్వాత 39.43 లక్షలు. పెరుగుదల 3 శాతం లోపే. అదే పదేళ్లలో పక్కనున్న ఉమ్మడి రంగారెడ్డి 35.75 లక్షల నుంచి 52.96 లక్షలకు, అంటే 48 శాతం పెరిగింది. ఐటీ కంపెనీలు, మెట్రో ప్రణాళికలు, కొత్త విమానాశ్రయం అంటూ దేశమంతా హైదరాబాద్ గురించి మాట్లాడుకున్న దశాబ్దంలో హైదరాబాద్ జిల్లా దాదాపు నిలబడిపోయింది. పెరిగింది దాని చుట్టూ ఉన్న వలయం.

కారణాలు కష్టమైనవేమీ కావు. జిల్లాలో ఖాళీ జాగా లేదు. ఉన్న జాగా ధర మధ్యతరగతికి అందదు. పాతబస్తీలో ఒకే ఇంట్లో ఉన్న అన్నదమ్ములు వేరుపడితే ఒకరు బాలాపూర్ వైపో, జల్‌పల్లి వైపో, రాజేంద్రనగర్ వైపో వెళ్లారు. ముషీరాబాద్, అంబర్‌పేటలో అద్దెకున్నవాళ్లు సొంత ఇల్లు కొనాలనుకున్నప్పుడు ఉప్పల్, బోడుప్పల్ దాటి చూసుకున్నారు. ఉద్యోగాలు గచ్చిబౌలి, మాదాపూర్ వైపు మళ్లడంతో కొత్తగా వచ్చినవాళ్లు అసలు జిల్లాలోకి అడుగుపెట్టకుండానే అటు స్థిరపడ్డారు. ఆంధ్రప్రదేశ్ జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాల్లో చాలామంది కూకట్‌పల్లి, మియాపూర్, దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ దాకా సర్దుకున్నది ఈ లెక్కలోనే.

అయినా ఇరుకు తగ్గలేదు. 2011లో జిల్లాలో చదరపు కిలోమీటరుకు 18 వేల మందికి పైగా ఉన్నారు. రాష్ట్ర సగటు 312. ఈ 18 వేల అంకె కూడా అసలు ఇరుకును తక్కువ చేసి చూపిస్తుంది. ఎందుకంటే ఆ 217 చదరపు కిలోమీటర్లలో హుస్సేన్‌సాగర్ ఉంది, ఉస్మానియా యూనివర్సిటీ ఉంది, కేబీఆర్ పార్కు ఉంది, సైన్యం చేతిలోని భూములు ఉన్నాయి. వాటిని తీసేసి చూస్తే, మనుషులు నిజంగా ఉంటున్న నేల ఇంకా చిన్నది. బంజారాహిల్స్‌లో ఒక బంగ్లా ఉన్నంత జాగాలో యాకుత్‌పురాలో ఎన్ని కుటుంబాలు ఉంటాయో ఆ గల్లీల్లో నడిచినవాళ్లకు తెలుసు. జిల్లా సగటు ఈ రెండింటినీ కలిపేసి, రెండూ కనిపించకుండా చేస్తుంది.

2011లో జిల్లాలో హిందువులు దాదాపు 52 శాతం, ముస్లింలు 43 శాతానికి పైగా. ఉర్దూ మాతృభాషగా చెప్పినవాళ్లు, తెలుగు చెప్పినవాళ్లు చెరి 43 శాతం వరకు ఉన్నారు. ఉర్దూదే వెంట్రుకవాసి పైచేయి. తెలంగాణలో ఇంకే జిల్లాలోనూ ఇలాంటి సమానత్వం కనిపించదు. ఎస్సీలు 6.29 శాతం, ఎస్టీలు 1.24 శాతం మాత్రమే. రాష్ట్ర సగటుతో పోలిస్తే ఇవి చాలా తక్కువ. అక్షరాస్యత 83 శాతం, అప్పట్లో తెలంగాణ ప్రాంత సగటు 66.5 శాతం. ఈ శాతాల వెనక ఉన్న చరిత్ర పొడవైనది. నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల సంతతి బార్కస్‌లో ఉంది. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల గుర్తు ఏసీ గార్డ్స్ అన్న పేటలో మిగిలింది. బేగంబజార్‌లో మార్వాడీ దుకాణాలు, సికింద్రాబాద్‌లో తమిళ కుటుంబాలు, పాత నగరంలో కాయస్థుల దేవిడీలు, మరాఠీ, కన్నడ మాట్లాడే పాత ఇళ్లు అన్నీ ఈ 217 చదరపు కిలోమీటర్లలోనే ఉన్నాయి. ఈ మధ్య బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి కట్టడం పనులకు, హోటళ్లకు వచ్చినవాళ్లు ఎంతమందో 2011 లెక్క చెప్పలేదు. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు.

జనగణన లేకపోవడం వల్ల జరిగే నష్టం ఎంతో చెప్పడానికి ఒక్క పోలిక చాలు. 2023 అసెంబ్లీ ఎన్నికల నాటికి హైదరాబాద్ జిల్లాలోని 15 నియోజకవర్గాల్లో ఓటర్లు 45 లక్షలు దాటారు. అధికారికంగా మన దగ్గరున్న జిల్లా జనాభా చంటిపిల్లలతో కలిపి 39.43 లక్షలు. జనం కంటే ఓటర్లు ఎక్కువ! ఇందులో కొంత నిజమైన పెరుగుదల ఉంటుంది. కొంత ఊళ్లోనూ, ఇక్కడా రెండుచోట్ల పేరున్నవాళ్లది. ఇంకొంత ఇల్లు మారిపోయినా, మనిషి చనిపోయినా జాబితాలో మిగిలిన పేర్లది. ఏది ఎంత అన్నది తేల్చగలిగేది జనగణన ఒక్కటే. 2024 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం చేసిన ఇంటింటి కుల సర్వేలో కూడా వివరాలు ఇవ్వకుండా ఎక్కువగా మిగిలిపోయినవి నగరంలోని ఇళ్లే.

ఓటింగ్ శాతం తక్కువ అని ప్రతిసారీ నగరవాసిని తిడతారు. 2016 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో 45 శాతం చిల్లర, 2020లో 46.55 శాతం ఓట్లు పడ్డాయి. 2023లో రాష్ట్రమంతా 71 శాతం దాటితే, హైదరాబాద్ జిల్లా సగానికి కూడా చేరలేదు. బద్ధకం కొంత ఉంది, కాదనలేం. అయితే జాబితాయే ఉబ్బి ఉన్నప్పుడు శాతం దానంతట అదే పడిపోతుంది. ఓటు ఊళ్లోనే ఉంచుకుని, అక్కడి సర్పంచ్ ఎన్నికకు బస్సెక్కి వెళ్లే మనిషి ఇక్కడి కార్పొరేటర్ ఎన్నికను పట్టించుకోడు. ఊళ్లో తన ఓటుకు విలువ ఉందని అతనికి తెలుసు. ఇక్కడ ఉందో లేదో తెలియదు. ఆ అనుమానం పూర్తిగా అర్థం లేనిది కూడా కాదు.

గ్రామంలో సర్పంచ్ కొన్ని వేల మందికి ప్రతినిధి, చాలాచోట్ల వందల మందికే. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఉప సర్పంచ్‌తో కలిసి చెక్కు మీద సంతకం చేసే అధికారం ఉంది. 2025 దాకా జీహెచ్‌ఎంసీలో 150 వార్డులు ఉండేవి. 2020 ఎన్నికల నాటికి ఓటర్లు 74 లక్షలకు పైగా, అంటే వార్డుకు సగటున 50 వేల మంది. ఆ సగటు కూడా సమంగా పంచుకున్నది కాదు. మైలార్‌దేవ్‌పల్లిలో దాదాపు 79 వేల మంది ఓటర్లు ఉంటే, రామచంద్రాపురంలో 28 వేల లోపే. ఒకచోట ఓటు విలువ ఇంకోచోటి ఓటు విలువలో మూడో వంతుకు పడిపోయింది. ఇంతమందికి ప్రతినిధి అయిన కార్పొరేటర్ చేతిలో సంతకం పెట్టే చెక్కు లేదు. వీధి దీపం గురించి, మోరీ గురించి అధికారికి ఫోన్ చేసి అడగాలి. వినే అధికారి దొరికితే పని అవుతుంది.

కార్పొరేషన్‌లో కార్యనిర్వహణ అధికారం కమిషనర్‌ది. ఆయన్ని నియమించేది, బదిలీ చేసేది రాష్ట్ర ప్రభుత్వం. మేయర్ సభకు అధ్యక్షత వహిస్తారు, స్టాండింగ్ కమిటీ తీర్మానాలు చేస్తుంది. ఇంత పెద్ద సంస్థ, 2025-26లో 8,440 కోట్ల రూపాయల బడ్జెట్ ఉన్న సంస్థ, రోజువారీ నడకలో మేయర్ మాట కంటే కమిషనర్ ఫైలు మీదే ఆధారపడుతుంది. హైదరాబాద్ జిల్లాకు ఎన్నికల అధికారి కూడా జీహెచ్‌ఎంసీ కమిషనరే. మిగతా జిల్లాల్లో ఆ పని కలెక్టర్‌ది.

మేయర్‌ను ఎన్నుకునే పద్ధతి కూడా ఓటరుకు, నాయకుడికి మధ్య దూరం పెంచింది. 2002లో ప్రజలు నేరుగా ఓటేసి తీగల కృష్ణారెడ్డిని మేయర్‌గా ఎన్నుకున్నారు. ఆ తర్వాత పరోక్ష పద్ధతి వచ్చింది. కార్పొరేటర్లతో పాటు ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులుగా ఓటేస్తారు. 2020 డిసెంబర్‌లో టీఆర్‌ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2 స్థానాలు వచ్చాయి. మెజారిటీకి కావాల్సిన 76 ఎవరికీ రాలేదు. మజ్లిస్ మద్దతుతో, ఎక్స్ అఫీషియో ఓట్ల బలంతో 2021 ఫిబ్రవరిలో గద్వాల విజయలక్ష్మి మేయర్ అయ్యారు. వార్డుల్లో వచ్చిన ఫలితానికి, మేయర్ కుర్చీకి మధ్య ఇలా ఇంకో మెట్టు వచ్చి చేరింది.

ఒక విషయంలో మాత్రం ఈ సభ మెచ్చుకోదగ్గది. 2020 ఎన్నికల్లో 150 స్థానాల్లో 75 మహిళలకు కేటాయించారు. బండ కార్తీకరెడ్డి, గద్వాల విజయలక్ష్మి మేయర్లుగా పనిచేశారు. ఇదే నగరం నుంచి అసెంబ్లీకి వెళ్లే 15 మందిలో మహిళలు ఎంతమంది ఉంటారో చూస్తే, రిజర్వేషన్ ఉన్నచోటికీ లేనిచోటికీ తేడా తెలుస్తుంది.

2020 ఎన్నికల ప్రచారంలో జనం నోళ్లలో ఎక్కువగా నానిన హామీ నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీరు. 2021 జనవరిలో అది అమల్లోకి వచ్చింది కూడా. పేదల ఇళ్లకు అది మేలు చేసింది. కానీ నీళ్లు ఇచ్చేది 1989 చట్టంతో ఏర్పడిన జలమండలి. దానికి అధ్యక్షుడు ముఖ్యమంత్రి. మేయర్‌కు దాని మీద అధికారం లేదు. కార్పొరేషన్ ఎన్నికల్లో ఓటు అడిగింది కార్పొరేషన్ చేతిలో లేని విషయం మీద! రాజ్యాంగం 74వ సవరణ 12వ షెడ్యూల్‌లో నీటి సరఫరా, పట్టణ ప్రణాళిక సహా 18 విధులను పట్టణ సంస్థలకు ఇవ్వవచ్చని చెప్పింది. ఆ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. హైదరాబాద్‌లో నీరు జలమండలి దగ్గర, నగర విస్తరణ ప్రణాళిక హెచ్‌ఎండీఏ దగ్గర, బస్సులు ఆర్టీసీ దగ్గర ఉన్నాయి. 2024 జూలై నుంచి చెరువుల ఆక్రమణలు, విపత్తు నిర్వహణ చూసే హైడ్రా వచ్చింది. ప్రతి కొత్త సమస్యకు ఒక కొత్త సంస్థ పుడుతోంది, ఎన్నికైన కార్పొరేషన్ చేతిలో ఉన్నది ఇంకాస్త తగ్గుతోంది.

హద్దులు కలవకపోతే ఏమవుతుందో 2020 అక్టోబర్ వర్షాలు చూపించాయి. బాలాపూర్ దగ్గరి గుర్రం చెరువు కట్ట తెగి నీళ్లన్నీ హఫీజ్‌బాబానగర్ ఇళ్లలోకి వచ్చాయి. చెరువు ఉన్నది రంగారెడ్డి జిల్లాలో, అప్పట్లో జీహెచ్‌ఎంసీ బయట. మునిగింది హైదరాబాద్ జిల్లాలో, జీహెచ్‌ఎంసీ లోపల. చెరువు కట్ట నీటిపారుదల శాఖది, శిఖం భూమి (చెరువు లోపలి నేల) రెవెన్యూది, దిగువ నాలా కార్పొరేషన్‌ది. మంచం మీద పరుపులు తడిసి, బియ్యం సంచులు, పిల్లల పుస్తకాలు కొట్టుకుపోయిన కుటుంబం ఏ ఆఫీసు ముందు నిలబడాలి? నీరు ఎటు పారుతుందో ఆ లెక్కన హద్దులు గీసి ఉంటే కనీసం ఈ ప్రశ్నకు ఒకే జవాబు ఉండేది.

జిల్లాలో ఇంకో ప్రత్యేక భాగం సికింద్రాబాద్ కంటోన్మెంట్. 2011లో అక్కడ 2.17 లక్షల మంది ఉన్నారు. వాళ్లు హైదరాబాద్ జిల్లావాసులే, కానీ జీహెచ్‌ఎంసీ వాళ్లకు వర్తించదు. రక్షణ శాఖ కింద, 2006 కంటోన్మెంట్ చట్టం ప్రకారం బోర్డు ఉంటుంది. 8 వార్డులకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 జనవరిలో. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలంటూ ప్రకటించి, తర్వాత రద్దు చేశారు. ఒక చిన్న పట్టణమంత జనం ఏళ్ల తరబడి ఎన్నికైన ప్రతినిధి లేకుండా ఉన్నారు. పౌర నివాస ప్రాంతాలను విడదీసి జీహెచ్‌ఎంసీలో కలపాలన్న ప్రతిపాదన చాలాకాలంగా నలుగుతోంది.

కార్పొరేషన్ చరిత్రలోనూ ఇలాంటి ఖాళీలు తక్కువేమీ కాదు. 1986లో ఎన్నికైన కౌన్సిల్ గడువు తీరాక 2002 దాకా ఎన్నికలే లేవు. 2007లో గడువు ముగిస్తే 2009 నవంబర్‌లో, 2014 చివర్లో ముగిస్తే 2016 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. 2002 తర్వాత గడువు తీరేలోపే ఎన్నిక జరిగింది 2020లో మాత్రమే. ఐదేళ్ల గడువు ముగిసేలోగా ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగంలోని 243యు అధికరణ చెబుతున్నా, వార్డుల విభజన పేరుతోనో, రిజర్వేషన్ల పేరుతోనో అవి వెనక్కి జరుగుతూ వచ్చాయి. అలాంటి కాలమంతా ప్రత్యేకాధికారి పాలనే.

2025 నవంబర్ 25న రాష్ట్ర మంత్రివర్గం ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాన్ని ఆనుకుని ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలపాలని నిర్ణయించింది. విస్తీర్ణం 2,000 చదరపు కిలోమీటర్లు దాటింది. వార్డులను 300కు పెంచుతూ విభజన మొదలైంది. అంత తొందరకు ఒక కారణం కనిపిస్తుంది. 2027 జనగణన కోసం పరిపాలనా హద్దులను 2025 డిసెంబర్ 31 నాటికి ఖరారు చేసేయాలని కేంద్రం గడువు పెట్టింది. ఆ తేదీ దాటితే జనగణన పూర్తయ్యే దాకా హద్దులు మార్చడం కుదరదు. దశాబ్దాలుగా తెగని విషయం కొన్ని వారాల్లో తేలిపోవాల్సి వచ్చింది. బడంగ్‌పేట, జల్‌పల్లి లాంటివి నగరపాలికలో కలవడం వల్ల పైన చెప్పిన చెరువు కట్ట, ముంపు ప్రాంతం ఒకే గొడుగు కిందికి రావడం మంచి పరిణామం. కానీ ఇంత పెద్ద ప్రాంతాన్ని ఒకే కార్పొరేషన్ నడపగలదా, రెండు మూడుగా విడగొట్టాలా అన్న వాదన వెంటనే లేచింది. జిల్లా గీత విషయం ఆ చర్చలో పెద్దగా వినపడలేదు.

వార్డులు రెట్టింపు చేయడం ఓటరుకు, కార్పొరేటర్‌కు మధ్య దూరాన్ని కొంత తగ్గించే అవకాశం. అది నిజంగా తగ్గిందో లేదో చూడాలంటే ప్రతి వార్డులో ఎంతమంది ఉన్నారో తెలియాలి. 2023 జూన్‌లో మొదలుపెట్టిన వార్డు ఆఫీసుల్లో ఇంజనీరింగ్, పారిశుధ్యం, నీరు, కరెంటు సిబ్బందిని ఒకేచోట కూర్చోబెట్టాలన్న ఆలోచన మంచిదే. ఆ ఆఫీసు కార్పొరేటర్‌కు జవాబుదారీ కావాలి, జోనల్ కమిషనర్‌కు మాత్రమే కాదు. మూడు లక్షల జనాభా దాటిన పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణ 1993 నుంచే చెబుతోంది. ఆ కమిటీలు నెలనెలా కూర్చుని, ఆ వార్డు ఖర్చును చదివి వినిపించే రోజు వస్తే కార్పొరేటర్ ఎన్నికకు విలువ పెరుగుతుంది.

జనగణన లెక్కకు తీసుకునే తేదీ 2027 మార్చి 1. 1931 తర్వాత మొదటిసారి అన్ని కులాల వివరాలూ అందులో నమోదవుతాయి. 2020 ఎన్నికల్లో 150 స్థానాల్లో ఎస్సీలకు 10, ఎస్టీలకు 2 అన్న లెక్క 2011 జనాభా నుంచి వచ్చింది. బీసీలకు ఇచ్చిన 50 స్థానాల వెనక జనగణన అంకె ఏదీ లేదు. వార్డుల వారీ కొత్త జనాభా వెలువడేలోగా ఎన్నిక పెడితే, 300 వార్డుల్లో ఏది ఎవరికి రిజర్వు అవుతుందో తేల్చడానికి మళ్లీ ఆ 2011 లెక్కనే తిరగేయాలి. అప్పట్లో పుట్టిన పిల్లలు 2029లో మొదటి ఓటు వేయబోతున్నారు.